వయసు వరుసన ఈత

నరసింహమూర్తి గారికి మర్యాద ఎక్కువ. మర్యాద ఉండాల్సిందే, కాదనం. కానీ ఆయనకున్నంత ఉంటే మాత్రం చుట్టుపక్కల వాళ్ళకు కష్టం. గోపన్‌పల్లిలో వాళ్ళ అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గర ఎవరైనా ఎదురైతే "మీరు ముందు వెళ్ళండి" అని పక్కకు జరుగుతారు. అవతలివాళ్ళు "లేదు సార్, మీరే" అంటారు. "అబ్బే, మీరు వెళ్ళండి" అని ఈయన మళ్ళీ అంటారు. ఈ తంతు ముగిసేలోపు తలుపులు మూసుకుని లిఫ్టు ఖాళీగా పైకి వెళ్ళిపోతుంది. ఆఫీసుకు ఆలస్యమైన సాఫ్ట్‌వేరు పిల్లలు ఆయన్ని దూరం నుంచి చూడగానే మెట్ల దారి పట్టడం ఆ బ్లాకులో మామూలే.

అలాంటి మనిషి ట్రయాథ్లాన్‌లోకి ఎలా దిగారంటే, తప్పు కూతురు రసజ్ఞది. విద్యుత్తు శాఖలో అకౌంట్లు చూసీ చూసీ నాన్నకు బీపీ వచ్చిందని డాక్టరు చెప్పిన మర్నాడే ఆ పిల్ల తన జీతంలోంచి ఒక సైకిలు కొని హాల్లో నిలబెట్టింది. భార్య నాగేశ్వరి దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, "పడకుండా తొక్కండి" అని మాత్రం చెప్పింది. ఆయన తొక్కారు. నానక్‌రామ్‌గూడ దాకా వెళ్ళి, అక్కడ పొద్దున్నే ఈదుతూ, తొక్కుతూ, పరిగెత్తుతూ కనబడే ఒక గుంపును చూసి ఆగారు. ముందు ఈత, ఒడ్డెక్కగానే సైకిలు, దిగగానే పరుగు, మధ్యలో విశ్రాంతి అనే మాటే లేదు. ఇలాంటి పిచ్చి పని ఒకటుందని ఆయనకు అప్పుడే తెలిసింది. తెలిసిన వారానికే అందులో చేరిపోయారు.

ఆ గుంపుకు కోచ్ నరేందర్. నానక్‌రామ్‌గూడలోనే పుట్టినవాడు. వాళ్ళ తాత జొన్నలు వేసిన చెలకలో ఇప్పుడొక అద్దాల టవరు లేచింది, ఆ టవరు జిమ్‌లోనే ఇతనికి ఉద్యోగం. అరవడం వృత్తిధర్మమని నమ్మినవాడు. మూర్తి గారి ఈత చూసి మాత్రం మొదటిరోజు నోరు మూసుకున్నాడు. తణుకు దగ్గర కాలువలో చిన్నప్పుడు నేర్చుకున్న ఈత అది, యాభై ఏడేళ్ళొచ్చినా చెదరలేదు.

ఆ ఈత చూసే మొగిలి ఆయన శిష్యుడయ్యాడు. మొగిలిది గోపన్‌పల్లే, నలభై దాటాయి. సాఫ్ట్‌వేరు కంపెనీలకు క్యాబులు తిప్పుతాడు. స్టీరింగు వెనక కూర్చుని పెంచిన పొట్టను తగ్గించుకోవడానికి వచ్చాడు. సైకిలెక్కితే ఎవరికీ దొరకడు, నీళ్ళను చూస్తే మాత్రం వణుకు. ఒక వేసవి పొడుగునా మూర్తి గారు ఈతకొలనులో నడుం లోతున నిలబడి, అతని పొట్ట కింద అరచెయ్యి పెట్టి, "భయం లేదండీ, నేనున్నాను, ఊపిరి వదలండి" అంటూ ఈత నేర్పారు. ఆ చెయ్యి తీసేసినా తాను మునగలేదని తెలిసిన రోజున మొగిలి గట్టెక్కి అందరికీ చాయ్ తాగించాడు. ఆ రోజు నుంచి మూర్తి గారు అతనికి గురువు. తనకంటే పెద్ద పొట్ట ఉన్నవాళ్ళతో కూడా "మా సారు నేర్పిండు, రాకపోవుడేంది" అనేవాడు.

ఇద్దరూ కిందటేడాది మొదటి పోటీకి వెళ్ళారు. నగరానికి అవతల ఒక పెద్ద రిజర్వాయరు. కిలోమీటరున్నర ఈది యాభై నిమిషాల్లోపు ఒడ్డెక్కాలి, లేకపోతే సైకిలు ముట్టుకోనివ్వరు. మూర్తి గారికి ఆ దూరం ఒక లెక్క కాదు. అయితే కొలనులో ఎవరి గీత వాళ్ళది, ఇక్కడ గీతల్లేవు. ఈల వినబడగానే వందమంది పైగా ఒక్కసారిగా నీళ్ళలో పడ్డారు. ఎవరి చెయ్యి ఎవరి వీపు మీద పడుతోందో, ఎవరి కాలు ఎవరి ముఖానికి తగులుతోందో ఆ దేవుడికే తెలియాలి.

మూర్తి గారి కాలు ఎవరి భుజానికో తగిలింది.

ఇక అంతే. ఆయన ఆగారు. కాలు తగిలితే ఆ మనిషిని తాకి కళ్ళకద్దుకోవాలి. అది ఆయనకు మాటలు రాకముందే వాళ్ళమ్మ నేర్పిన పాఠం, పుస్తకానికి తగిలినా అంతే, మనిషికి తగిలినా అంతే. వెనక్కి తిరిగి ఆ మనిషి భుజం పట్టుకోబోయారు. అతను ఎవరో తనను ముంచబోతున్నారనుకుని కేకలేసి పారిపోయాడు. ఈయన వదలకుండా వెంటపడి తాకి, కళ్ళకద్దుకుని, మళ్ళీ ఈత మొదలుపెట్టారు. నాలుగు బారలు వెయ్యగానే ఇంకెవరికో తగిలింది. కాపలా పడవలోని వాళ్ళు దగ్గరికొచ్చి "హెల్ప్ కావాలా సార్?" అని అడిగితే, "నాకేం కాలేదండీ, వారికే కాలు తగిలింది. కాస్త ఆగమని చెబుతారా?" అన్నారు.

మొగిలి ముందుకు పోయినవాడు పోయినట్టు పోకుండా, గురువు గారు రాలేదని వెనక్కి తిరిగి నీళ్ళలో తేలుతూ కాచుకున్నాడు. ఇద్దరూ ఒడ్డెక్కేసరికి గడువు దాటిపోయింది. ఒకమ్మాయి వచ్చి జాలిగా ఇద్దరి కాళ్ళకున్న టైము పట్టీలు విప్పేసింది. మొగిలి నవ్వేశాడు. "ఏం ఫికర్ జెయ్యకుండ్రి సారూ, ఇయ్యాల కాకుంటే ఇంకోసారి" అన్నాడు. కానీ తాళ్ళ అవతల అతని కూతురు నవ్య, "నాన్న జిందాబాద్" అని రంగులేసుకుని తెచ్చిన అట్టను చప్పుడు కాకుండా మధ్యకు మడిచి వెనక దాచుకుంది. మూర్తి గారు అది చూశారు. ఆ రాత్రి అన్నం సహించలేదు. తన మర్యాద వల్ల ఇంకొకళ్ళకు నష్టం జరగొచ్చని ఆయనకు ఆ వయసులో మొదటిసారి తోచింది.

ఈ ఏడు పోటీకి మొగిలి ఇద్దరి పేర్లూ తనే రాయించాడు. "మీరు వెళ్ళిపోండి మొగిలి గారూ, నాకోసం ఆగొద్దు" అని మూర్తి గారు బతిమాలారు. మొగిలి వినలేదు. "మీరు ఒడ్డెక్కకుంటే నేను ఎక్క. గంతే. మునుగుతుంటే పట్టుకున్న చెయ్యి సారూ అది, ఇడిసిపెట్టి ఎట్ల పోత?" అన్నాడు. ప్రేమే, కాదనలేం. కానీ ఆ ప్రేమ మూర్తి గారి మెడకు రాయిలా వేలాడింది. ఈసారి తాను ఆగితే ఇద్దరి పోటీ పోయినట్టే.

అలవాటు మానడానికి ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. నాగేశ్వరి ఒక ఉపాయం చెప్పింది. "దిగేముందే అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టేసుకోండి, ఆ తర్వాత ఎన్ని తగిలినా అందులోకే వస్తాయి." బాగానే ఉందనిపించింది. కొలనులో పరీక్షించారు. గట్టు మీద నిలబడి అందరికీ దండం పెట్టి దిగారు. మొగిలి కావాలనే వచ్చి ఆయన కాలికి తగిలాడు. మూర్తి గారి చెయ్యి ఆయన్ని అడక్కుండానే వెళ్ళి మొగిలిని తాకి కళ్ళ మీదకు వచ్చేసింది. నరేందర్ గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

రెండు రోజులు ఆలోచించి నరేందర్ ఇంకో దారి తెచ్చాడు. "సార్, మీరు ఒక్కరే పోవద్దు. ముందు ఒకరు పోతరు, మీరు ఆయన కాళ్ళ ఎన్కనే పోవాలె. ముందటోడు నీళ్ళు కోస్తడు, ఎన్కటోనికి ఆరాం. మీ చెయ్యి ఆయన కాళ్ళకు తగులుతనే ఉంటది. మీ కాళ్ళు మాత్రం ఎవలకూ తగలవు."

మూర్తి గారి ముఖం వెలిగిపోయింది. "నా చెయ్యి వారి పాదాలకు తగిలితే ఇబ్బందేముందండీ? నమస్కారమే కదా!"

మొగిలిని ముందు పెట్టి ఈదించారు. కొలను ఆ చివరకు చేరేలోపే మొగిలి నీళ్ళలోంచి ఎగిరి గట్టు మీద పడ్డాడు.

"వద్దు సారూ, నాతోని కాదు! మీరు పెద్దోళ్ళు, పైకెల్లి గురువు. మీరు నా కాళ్ళు ముట్టుడేంది? నా ఆయుష్షు ఏం గావాలె? మా అమ్మకు తెలిస్తే నన్ను ఇంట్ల అడుగు పెట్టనియ్యది."

అతను చెప్పింది నిజమే. వాళ్ళమ్మ నీలమ్మ కొడుకు ఆయుష్షు గురించి మహా పట్టింపు గల మనిషి. కొడుకు నీళ్ళలోకి దిగుతున్నాడని తెలిసిన రోజే నల్ల తాడుకు ఒక గవ్వ గుచ్చి అతని కుడి కాలికి కట్టింది. ఈతకు అడ్డమని నరేందర్ ఎంత మొత్తుకున్నా మొగిలి దాన్ని విప్పలేదు. ఆ తాడు కట్టిన కాలినే గురువు చేత ముట్టించుకుంటే ఇక అమ్మకు ఏ ముఖం చూపిస్తాడు?

"మరి నేనెవరి కాళ్ళు పట్టుకోవాలండీ?" అన్నారు మూర్తి గారు బిక్కముఖం వేసి.

"నావి పట్టుకో" అని గట్టు మీంచి ఒక గొంతు పలికింది.

హఫీజ్‌పేట్ ఈశ్వరయ్య గారు అక్కడ కూర్చుని తువ్వాలు పిండుతున్నారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, డెబ్భై దాటాయి. మోకాళ్ళు మొరాయించడంతో ఈత ఒక్కటే ఈది, సైకిలూ పరుగూ జట్టులోని వేరేవాళ్ళకు వదిలేస్తారు. "నాకన్న పెద్దోడు ఈ కొలనుల ఎవడున్నడయ్యా? ముట్టుకో, ఎంతసేపన్న ముట్టుకో. నేను దీవించుకుంట పోత."

అలా చిక్కు విడిపోయింది. ముందు ఈశ్వరయ్య గారు, వెనక మూర్తి గారు, ఆయన వెనక మొగిలి. ఎవరి చెయ్యి తగిలినా తమకంటే పెద్దవాళ్ళ పాదాలకే తగులుతుంది. అంటే తప్పు లేదు, పైగా పుణ్యం. ఇది చూసి మిగతావాళ్ళకూ సరదా పుట్టి, మేమూ వస్తామని వెనక చేరారు. వయసు వరుసన నిలబడమనేసరికి అసలు గొడవ మొదలైంది. ఒకే ఏడు పుట్టిన ఇద్దరు సాఫ్ట్‌వేరు ఇంజనీర్లు నెలల దగ్గర వాదనకు దిగారు. బ్యాంకులో పనిచేసే రేఖ తన వయసు చెప్పనంటే చెప్పనంది. చెప్పకుండానే వెళ్ళి అందరికంటే చిన్నదానిలా వరుస చివర నిలబడింది. ఆమె ఇద్దరు పిల్లలూ కాలేజీలో ఉన్నారన్న సంగతి గుర్తుచేసే ధైర్యం అక్కడ ఎవరికీ లేకపోయింది.

నరేందర్ గడియారం చూసి కళ్ళు నులుముకున్నాడు. ఎవరికి వాళ్ళు ఈదినప్పటికంటే ఆ వరుస త్వరగా వచ్చింది. మూర్తి గారు ఒక్కసారి కూడా ఆగలేదు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం, అదే రిజర్వాయరు. నీళ్ళ మీద పొగమంచు పలచగా పరుచుకుని ఉంది. తాళ్ళ అవతల నవ్య మళ్ళీ అట్ట పట్టుకుని నిలబడింది. కిందటేటి మడత గీత మధ్యలో తెల్లగా కనబడుతూనే ఉంది. మూర్తి గారు దాన్ని ఒకసారి చూసి, ఈశ్వరయ్య గారి వెనక నీళ్ళలోకి దిగారు.

మొదట అంతా కొలనులోలాగే సాగింది. ఈశ్వరయ్య గారు తొణక్కుండా పోతున్నారు. మూర్తి గారి వేళ్ళు అప్పుడప్పుడూ ఆయన పాదాలకు తగులుతున్నాయి. నీళ్ళు బురదగా ఉండి తన చెయ్యే తనకు కనబడకపోయినా, ముందు పెద్దాయన ఉన్నారన్న ధైర్యం హాయిగా ఉంది. మొదటి మలుపు దగ్గర, నీళ్ళ మీద తేలే పెద్ద నారింజరంగు బుడగను చుట్టి తిరుగుతుండగా, వెనక ఆలస్యంగా వదిలిన కుర్రాళ్ళ గుంపు వచ్చి మీద పడింది. వాళ్ళకు వరుసా లేదు, వయసూ లేదు. తల పైకెత్తి చూసేసరికి మూర్తి గారి ముందు ఈశ్వరయ్య గారు లేరు, వెనక మొగిలి లేడు.

ఆయన కాలు ఒకడి దవడకు తగిలింది, గట్టిగానే.

ఆగకూడదని ఆయనకు తెలుసు. మనసు వద్దంటూనే ఉంది, చెయ్యి మాత్రం అప్పటికే వెనక్కి వెళ్ళింది. ఆ దవడ గల కుర్రాడు ఎప్పుడో దాటిపోయాడు. తాకడానికి మనిషి దొరక్క, మూర్తి గారు నడి నీళ్ళలో చేతులు జోడించి నిలువుగా తేలారు. కదలబోతే ఇంకొకరికి తగిలింది. మళ్ళీ ఆగారు. పాత రోగం తిరగబెట్టింది. ఒడ్డున మడత గీత పడిన అట్ట కళ్ళ ముందు మెదిలి ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. "ఇంత వయసొచ్చింది, నా చేతులు నా మాట వినవేమిటి దేవుడా" అనుకున్నారు.

అప్పుడు ఆయన ముందుకు రెండు పాదాలు వచ్చాయి. సరిగ్గా చేతికందేంత దూరంలో, మెల్లగా నీళ్ళు కొడుతూ, రమ్మన్నట్టు.

ఈశ్వరయ్య గారు తనకోసం వెనక్కి వచ్చారనుకున్నారు మూర్తి గారు. ఎంత మంచి మనిషి! ప్రాణం లేచొచ్చింది. బార వేశారు, వేళ్ళు ఆ పాదాలకు తగిలాయి, చెయ్యి కుదురుకుంది. ఇంకో బార, ఇంకో బార. పాదాలు వేగం పెంచాయి, ఆయనా పెంచారు. పక్కన ఎవరున్నారో, ఎవరికి ఏం తగులుతోందో ఆయనకు ఇక గుర్తులేదు.

రెండో మలుపు తిరిగి ఒడ్డు వైపు మళ్ళాక, ఆయన వేలు ఒక దారానికి చిక్కుకుంది. వేలు విడిపించుకోబోతే చిన్న గవ్వ తగిలింది.

నీళ్ళలో ఊపిరి వదలడం మరిచిపోయారు మూర్తి గారు. ముందున్నది మొగిలి. గురువు చెయ్యి కాలికి తగిలితే ఆయుష్షు పోతుందని కొలనులోంచి ఎగిరిపడిన మొగిలి. అమ్మ ఇంట్లోకి రానివ్వదని భయపడ్డ మొగిలి. ఎవరు తాకుతున్నారో తెలిసే, అమ్మ తాడు కట్టిన కాలితో సహా రెండు కాళ్ళూ తెచ్చి ఆయన చేతికిచ్చాడు.

చెయ్యి తీసేద్దామా అనిపించింది ఒక్క క్షణం. తీసేస్తే మొగిలి ఆగుతాడు. ఆగితే ఇద్దరూ పోతారు, అతను ఇచ్చింది కూడా వృథా అవుతుంది. ఇస్తున్నవాణ్ణి వద్దనడం కూడా ఒక రకం అమర్యాదేనని మూర్తి గారికి ఆ బురద నీళ్ళలో తెలిసొచ్చింది. ఈత కళ్ళద్దాల లోపల కళ్ళు తడిశాయి. ఈసారి ఆయన చెయ్యి పొరపాటున తగల్లేదు, తెలిసే వెళ్ళి ఆ పాదాన్ని తాకింది. తాకిన ప్రతిసారీ మనసులో "దీర్ఘాయుష్మాన్ భవ" అనుకున్నారు. బారకొక దీవెన చొప్పున ఒడ్డు దాకా ఈదారు.

గడువుకు ఇంకా వ్యవధి ఉండగానే ఒడ్డెక్కారు ఇద్దరూ. గట్టు మీద ఈశ్వరయ్య గారు అప్పటికే తువ్వాలు కప్పుకుని నిలబడి ఉన్నారు. "ఎటు పోయిండ్రయ్యా మీరు? ఎన్క చూస్తే ఒక్కడు లేడు" అని కసిరారు. నవ్య అట్టను నెత్తి మీదకెత్తి గంతులు వేస్తోంది. మొగిలి ఎవరి ముఖమూ చూడకుండా, ముఖ్యంగా మూర్తి గారి ముఖం చూడకుండా, సైకిళ్ళు వరుసగా పెట్టిన చోటికి పరిగెత్తి హెల్మెట్ పెట్టుకుని దాని పట్టీ బిగించుకోవడంలో మునిగిపోయాడు.

మూర్తి గారు తడి కాళ్ళతో వెళ్ళి అతని ఎదుట నిలబడ్డారు.

"హెల్మెట్ తియ్యండి మొగిలి గారూ."

"ఎందుకు సారూ? టైమైతున్నది."

"తియ్యండి అంటున్నానా!"

ఆయన గొంతు పెంచడం మొగిలి ఎన్నడూ వినలేదు. వెంటనే తీశాడు. తాళ్ళ అవతల నుంచి నరేందర్ "ఏం జేస్తున్నరు సార్? నడువుండ్రి, నడువుండ్రి!" అని గొంతు చించుకుంటున్నాడు. మూర్తి గారు వినిపించుకోలేదు. కుడి అరచెయ్యి మొగిలి తల మీద పెట్టారు. ఒకప్పుడు కొలనులో అతని పొట్ట కింద పెట్టి నీళ్ళ మీద నిలబెట్టిన చెయ్యే అది.

"ఎందుకు చేశారండీ ఆ పని?"

మొగిలి తల వంచుకున్నాడు. "మీరు నడిమిట్ల దండం పెట్టుకుంట నిలబడ్డరు సారూ. ఈశ్వరయ్య సారు కనవడకపాయె. ఇగ నేను ఏం జెయ్యాలె? పోతే రెండేండ్లు పోతయ్, పోనీ అనుకున్న."

మూర్తి గారు అతని తల మీది చెయ్యి తియ్యలేదు.

"ఎన్నిసార్లు ముట్టుకున్నానో నేను లెక్కపెట్టలేదండీ. మీకు ఎన్నేళ్ళు తగ్గాయో నాకు తెలియదు. అందుకని నిండు నూరేళ్ళూ ఇచ్చేస్తున్నాను, ఉంచుకోండి."

మొగిలి కళ్ళు తుడుచుకున్నాడో, ముఖం మీది నీళ్ళే తుడుచుకున్నాడో తెలియదు. "నూరేండ్లా? గంత కాలం ఈ సైకిల్ తొక్కాల్నా సారూ?" అని నవ్వి, హెల్మెట్ మళ్ళీ పెట్టుకున్నాడు.

సైకిళ్ళు తోసుకుంటూ ఇద్దరూ బయటి దారి దగ్గరికి వచ్చారు. ఒకసారి ఒక సైకిలే పట్టే ఇరుకు దారి అది. మొగిలి పక్కకు జరిగి "పోండ్రి సారూ, మీరే ముంగట" అన్నాడు. "అబ్బే, మీరు..." అనబోయి మూర్తి గారు నోరు మూసుకున్నారు. సైకిలెక్కి ముందుగా వెళ్ళిపోయారు.